పెద్దమ్మ కడుపులో పెట్టుకున్న సంగతులు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా అందింది. ఆమె ఊళ్ళో ఫోను కలవాలంటే బడి వెనక మిట్ట ఎక్కి నిలబడాలి. అంగన్‌వాడీ అక్క ఎక్కినట్టుంది. "సిస్టర్, మన పెద్దమ్మ పోయింది. ఇప్పపువ్వు ఏరనీకి పోయి అడివిల్నే పడిపోయింది. ఇంటికి మోసుకొచ్చేసరికే అయిపోయింది. మట్టి కూడా చేసినం" అని ఒక్క గుక్కలో చెప్పింది. ఏదో అడగబోయేలోగా లైను తెగిపోయింది.

నేనప్పుడు జగదల్‌పూర్‌లో ఒక హాల్లో కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెబుతున్నాను. ఆ రోజు పాఠం పేరు 'పరీక్షలకు జనాన్ని ఒప్పించడం ఎలా?' ఫోను పెట్టేసి లోపలికి వస్తే బోర్డు మీద నా చేత్తో రాసిన ఆ అక్షరాలే కనిపించాయి. మిగతా గంట ఏం చెప్పానో గుర్తులేదు. ముందు వరసలో ఒకమ్మాయి చేయెత్తి, "ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలి మేడమ్?" అని అడిగింది. జవాబు నా కాగితాల్లో ఉంది. చదవబుద్ధి కాలేదు. రేపు చెబుతానన్నాను.

ఆ రోజు నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. ఏడుపు రావడం లేదు గానీ కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా నడవాలని ఉంటోంది. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. శబరి నదికి ఇవతల, భేజ్జి వెళ్ళే దారిలో ఎక్కడో అనుకోండి. దోర్లీ, తెలుగు, గోండి, హిందీ నాలుగూ ఒకే వాకిట్లో వినిపించే ఊరు. పెద్దమ్మ ఆ ఊరి మితానిన్. ఛత్తీస్‌గఢ్‌లో ఊరి ఆరోగ్యం చూసే ఆడమనిషిని అలా అంటారు. స్నేహితురాలని అర్థం. ఆమె వయసు ఆమెకే తెలియదు. సంతకం తప్ప రాత రాదు. కానీ ఏ పసిబిడ్డకు ఏ సూది ఎప్పుడు పడాలో, ఎవరి దగ్గు ఎన్ని వారాల నుంచి ఆగడం లేదో, అన్నీ ఆమె తలలోనే ఉండేవి.

నేను కిరందుల్ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న గనిలో ఫిట్టరు. నర్సుగా మొదటి పోస్టింగు ఆ ఊరి సబ్ సెంటర్‌కు వచ్చేనాటికి, జనానికి ఏమీ తెలియదనీ నాకు అంతా తెలుసనీ నా నమ్మకం. మొదటి రోజు జ్వరాల సర్వేకు బయల్దేరాం. మొదటి ఇల్లు రాగానే తలుపు తీసే ఉంది కదా అని గడప దాటబోయాను. పెద్దమ్మ వెనక నుంచి నా సంచి పట్టి లాగింది.

"ఏంది సిస్టరూ, అట్ల పోతవ్?"

"సర్వే కదా పెద్దమ్మా. ఇల్లిల్లూ తిరగాలి."

"తిరగాలె. కాదంటలేను. లోపటికి రానా అని అడిగినవా?"

అడగలేదు. ఇద్దరం వాకిట్లో నిలబడ్డాం. ఆమె దోర్లీలో ఏదో పలికింది. లోపలున్న ముసలాయన చుట్ట ఆర్పుకుని, పంచె సర్దుకుని, రమ్మనే దాకా చాలాసేపు ఎండలో ఉన్నాం. నేను గడియారం చూసుకుంటుంటే ఆమె అంది: "సుస్తీ చేసినోడు మన కాడికి వస్తడు బిడ్డా. ఆనికి మనతోని అవసరం. వీనికి సుస్తీ లేదు, మనల్ని పిలవలేదు. మనమే వచ్చినం. పిలవని ఇంటికి పోయేటోళ్ళు ఎట్ల పోవాల్నో గట్ల పోవాలె."

తర్వాత ఎన్నో శిక్షణల్లో కూర్చున్నాను, ఇచ్చాను కూడా. జబ్బు రాకముందే ఆపే వైద్యం గురించి అంత చిన్న మాటల్లో ఇంకెవరూ చెప్పగా వినలేదు.

ఆమెకో అలవాటుండేది. రక్తం చుక్క ఇస్తావా, ఈ గోలీ మింగుతావా అని అడిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల పక్కకు తిప్పేసుకునేది. కోడినో, కప్పు మీది గుమ్మడి తీగనో చూస్తూ కూర్చునేది. ఎందుకలా అని అడిగితే, "మొకంలకి చూసుకుంట అడిగితే మనిషి కాదనలేడు. కాదననీకి జాగ ఇయ్యాలె" అంది. కొందరు నిజంగానే కాదనేవారు. నా రిజిస్టరులో గళ్ళు ఖాళీగా మిగిలేవి. పై నుంచి ఫోన్లు వచ్చేవి. నాకు ఆమె మీద కోపం వచ్చేది.

ఒకసారి ఊరంతటికీ మలేరియా పరీక్ష చేశాం. ఒక ముసలాయనకు జ్వరం లేదు, ఒంట్లో మాత్రం పురుగు ఉంది. మందు మింగనన్నాడు. "నాకేం కాలె గద" అంటాడు. ఆ మాటా నిజమే, ఆయన్ని కుట్టిన దోమ పక్కింటి పిల్లను కుడుతుందన్న మాటా నిజమే. మాతో వచ్చిన ఒక అధికారి, మింగకపోతే రాశన్ ఆగిపోతుందని చెప్పమన్నాడు. పెద్దమ్మ ఆ మాటను ముసలాయన భాషలోకి తిప్పలేదు. "నేను చెప్ప. ఆకలి చూపిచ్చి మింగిస్తే, రేపు నిజంగ సుస్తీ చేసిననాడు నా చేతి గోలీ మింగుతడా?" అంది. మూడు రోజులు వెళ్ళి ఆయన వాకిట్లో కూర్చుంది. ఆయన మందు మింగలేదు. దోమతెరలో పడుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఆమె చేసింది సరైనదేనా? పక్కింటి పిల్లకు ఆ ఏడు జ్వరం రాలేదు కాబట్టి సరిపోయింది. వచ్చి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను.

మా వైపు సికిల్ జబ్బు ఉంది. రక్తంలోని కణాలు కొడవలిలా వంగిపోయి, ఒళ్ళంతా నొప్పులతో మనిషి మెలికలు తిరిగిపోతాడు. జబ్బు ఉన్నవాళ్ళు వేరు, జబ్బు లేకుండా రక్తంలో దాని అంశ మాత్రం ఉన్నవాళ్ళు వేరు. ఈ రెండోరకం వాళ్ళు అందరిలాగే బతుకుతారు. కానీ అలాంటివాళ్ళే ఇద్దరు పెళ్ళి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే భయం నాలుగింట ఒక వంతు ఉంటుంది. అందుకే పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోమంటాం. బడి వరండాలో శిబిరం పెట్టి చుక్క చుక్క రక్తం తీశాం. కొన్ని వారాలకు ఫలితాలు వచ్చాయి. కార్డులు తీసుకోవడానికి జనం రావాలి. త్వరగా రావాలని నాకో ఆలోచన వచ్చింది.

ఒక పెద్ద చార్టు తీసుకున్నాను. జబ్బు ఉన్నవాళ్ళ పేర్లు ఎర్ర స్కెచ్‌తో, అంశ ఉన్నవాళ్ళవి పచ్చ స్కెచ్‌తో రాశాను. తండ్రి పేరు, ఏ పారానో, అంటే ఊళ్ళో ఏ వాడో కూడా పక్కన వేశాను. నా దస్తూరీ బావుంటుంది. గీతలు కొట్టి, అంచులకు డిజైను వేసి సబ్ సెంటర్ గోడకు అంటించాను. నన్నెవరూ అలా చెయ్యమనలేదు. ఆ మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి.

పెద్దమ్మ అప్పుడు కూతురి ఊరికి పోయి ఉంది. రెండు రోజులకు తిరిగొచ్చి గోడ ముందు నిలబడింది.

"ఇదేంది?"

చెప్పాను. సంబరంగానే చెప్పాను. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి కాగితం తడపడం మొదలుపెట్టింది. బాగా పట్టిన జిగురు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. గోళ్ళతో గీకింది. నేను చూస్తూ నిలబడ్డాను. అప్పటికే ఎవరో ఫోనులో ఫోటో తీసుకున్నారని మా ఇద్దరికీ తెలియదు.

పచ్చ పేర్లలో ఒకటి ఒక అమ్మాయిది. తెలంగాణ వైపు ఊళ్ళో సంబంధం కుదిరి ఉంది. ఫోటో ఆ ఊరికి చేరింది. పిల్ల రక్తం చెడ్డదట అని వాళ్ళు వద్దన్నారు. జబ్బు లేదని, అంశ మాత్రమేనని చెప్పడానికి పిల్ల తండ్రి వెళ్ళాడు. ఎర్రకూ పచ్చకూ తేడా వినే ఓపిక అక్కడెవరికీ లేకపోయింది.

విషయం తెలిశాక, నా తరఫున నువ్వెళ్ళి మాట్లాడమని పెద్దమ్మను బతిమాలాను. ఊరివాళ్ళు నా మాట కంటే ఆమె మాట వింటారు కదా అన్నాను.

"రాసింది నువ్వు. నువ్వే పోవాలె. నేను తోలుకపోత, లోపటికి రాను" అంది.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాక ఆమె వాకిట్లోనే కూర్చుండిపోయింది. నేను లోపలికెళ్ళి, తప్పు నాదేనన్నాను. తల్లి తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఆ అమ్మాయి చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తకుండా అడిగింది: "సిస్టర్, నా రక్తం సంగతి నాకు చెప్పకముందు ఊరికెందుకు చెప్పిన్రు?"

లేచి బయటికొచ్చాను. తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ నాకంటే పది అడుగులు ముందు నడిచింది. సబ్ సెంటర్ దగ్గర విడిపోయేటప్పుడు, "అన్నం తిను" అంది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ వేలు చాపేవారు కాదు. గర్భిణులు కూడా రక్తపరీక్షకు రాలేదు. ఏడాది పాటు పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ నమ్మకం కూడగట్టింది. ఈసారి ఆమే షరతు పెట్టింది. ఎవరి ఫలితం వాళ్ళకే, వాళ్ళు చెప్పిన చోటే చెప్పాలి. కొందరు పొలంలో చెప్పమన్నారు, కొందరు వాగు దగ్గర. కాగితం నా చేతిలో ఉంటే, అర్థమయ్యే మాటల్లో చెప్పేది ఆమె. అలా ఊరి సంగతులన్నీ ఆమె కడుపులోకి చేరాయి.

ఆ రోజుల్లోనే ఆ అమ్మాయిని చేసుకుంటానని అదే ఊరి కుర్రాడు ముందుకొచ్చాడు. ట్రాక్టరు నడిపేవాడు. "కాగితం చూసి ఆళ్ళు భయపడ్డరు, నాకేం భయం లేదు" అన్నాడట. ఊరంతా మెచ్చుకుంది. నా గుండె బరువు కొంత దిగింది. పెళ్ళికి నెల ముందు అతని ఫలితం వచ్చింది. అతనిలోనూ అదే అంశ ఉంది.

పెద్దమ్మ అతన్ని పొలం గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. అతను మట్టిపెళ్ళలు చిదుముతూ విన్నాడు. "ఇప్పుడు చెప్తే ఆమె వద్దంటది పెద్దమ్మా. నాకు ఆమె కావాలె. మీరు చెప్పకున్రి. నేనే చెప్త" అన్నాడు.

ఊళ్ళోకి నడుస్తూ నేను అన్నాను: "మనం చెప్పేద్దాం పెద్దమ్మా."

"ఎవలి రక్తం అది?"

"అతనిదే. కానీ పుట్టే బిడ్డ ఇద్దరిదీ కదా."

"తెలుసు బిడ్డా. నువ్వు చెప్పకముందే తెలుసు." కొంత దూరం నడిచాక మళ్ళీ అంది: "ఒక్కపాలి అడగకుంట చెప్పినం. ఊరు ఏడాది నోరు మూసుకుంది. మల్ల ఇప్పుడు చెప్తే ఇంకెవలు చేయి చాపుతరు? ఆడే చెప్పాలె. నేను చెప్పిస్త."

మూడుసార్లు అతని దగ్గరికి వెళ్ళింది. మూడుసార్లూ అతను చెప్తానన్నాడు. పెళ్ళయిపోయింది. ఊళ్ళో ఏ పెళ్ళయినా పాడే పెద్దమ్మ ఈ పెళ్ళిలో పాడలేదు, ఒంట్లో బాగాలేదంది. నేను మాత్రం భోజనం చేశాను. అమ్మాయికి చీర పెట్టాను. ఆమె నవ్వి నా చేయి పట్టుకుంది. ఆ క్షణంలో కూడా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

తర్వాత నాకు జగదల్‌పూర్ బదిలీ అయింది. ఒకనాడు మధ్యాహ్నం పెద్దాసుపత్రి నుంచి పెద్దమ్మ ఫోను చేయించింది. వెళ్ళేసరికి వరండాలో పెద్దమ్మ, ఆ అమ్మాయి, ఆమె భర్త ఉన్నారు. ఆ అమ్మాయి ఒళ్ళో ఎనిమిది నెలల మగబిడ్డ. రెండు చేతులూ రెండు పాదాలూ ఉబ్బి, తాకితే కెవ్వుమంటున్నాడు. డాక్టరు అప్పటికే వాళ్ళకు అంతా చెప్పేశాడు. ఇద్దరి రక్తంలోనూ ఉంటేనే బిడ్డకు ఇలా వస్తుందని చెప్పాడు. భర్త గోడకు ఆనుకుని తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె అతన్ని ఏమీ అడగలేదు. పెద్దమ్మనే అడిగింది.

"ఈన సంగతి నీకు తెలుసా?"

"తెలుసు" అంది పెద్దమ్మ.

"సిస్టర్‌కు?"

పెద్దమ్మ నా వైపు చూడలేదు. నన్ను చెప్పనిచ్చింది.

"తెలుసమ్మా" అన్నాను.

ఆమె బిడ్డను ఒళ్ళోంచి భుజానికెత్తుకుంది. గొంతు పెంచలేదు. "నా సంగతి ఊరందరికీ చెప్పిన్రు. ఈన సంగతి నాకొక్కదానికి చెప్పలేకపోయిన్రు" అంది.

సాయంత్రం దాకా పెద్దమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. టీ తెచ్చిస్తే చల్లారిపోయింది. నేను ఏదో సర్ది చెప్పబోయాను. నియమం ప్రకారం మనం చేసింది తప్పు కాదన్నాను. ఆమె విసుక్కుంది. అంతకు ముందెప్పుడూ నా మీద విసుక్కోలేదు. "నియమం నీ కాడ పెట్టుకో. నువ్వు రాస్తివి, ఈ పిల్ల ఏడిచె. నేను నోరు మూసుకుంటి, మల్ల ఈ పిల్లే ఏడిచె. ఏది కరెక్టో నాకు తెల్వదు. రెండిట్లకూ ఆడపిల్లే దొరికింది, గది మాత్రం తెలుసు."

ఊరికి వెళ్ళాక కూడా ఆమె తన పని మానుకోలేదు. నెలకోసారి బ్లాకు ఆసుపత్రికి పోయి పిల్లవాడి మందు తెచ్చేది. ఆ ఇంటి వాకిట్లో నిలబడి, "రానా?" అనేది. లోపల్నుంచి జవాబు వచ్చేది కాదు. మందు చూరులో పెట్టి వెళ్ళిపోయేది. వానాకాలమంతా అలాగే గడిచింది. ఈ సంగతి నాకు అంగన్‌వాడీ అక్క చెప్పింది. చలి మొదలయ్యాక ఒక రోజు లోపల్నుంచి "రా" అని వినిపించిందట. పెద్దమ్మ వెంటనే లోపలికి పోలేదట. కాసేపు అక్కడే నిలబడి, చీర కొంగుతో మొహం తుడుచుకుని అప్పుడు వెళ్ళిందట.

ఆ తర్వాత ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఊళ్ళో పెళ్ళి మాట రాగానే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టేది. "మీ ఇద్దరి సంగతి నా కాడుంది. ఇద్దరూ ఒప్పుకుంటె ఇద్దరి ముంగట చెప్త. ఒక్కలు వద్దంటె, ఒక్కలు వద్దన్నరని చెప్త. అంతకు మించి చెప్ప" అనేది. వద్దన్నారని చెప్పడం కూడా ఒక రకంగా చెప్పేయడమే కదా అని ఫోనులో అన్నాను. "అవు" అంది. "కొంచెం చెప్పినట్టె. కొంచెం దాసినట్టె. ఇంతకంటె మంచిది నీకు తెలిస్తె చెప్పు, గట్లనే చేస్త." నాకు తెలియలేదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి నా పాఠాల్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మొన్న ఆమె దినాలకు వెళ్ళాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటుంటే ఒకాయన పక్కకొచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, "సిస్టర్, పెద్దమ్మ నా సంగతి నీకేమన్న చెప్పిందా?" అన్నాడు. లేదన్నాను. తేలిగ్గా ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఒక ముసలామె వచ్చింది. ఆమె తర్వాత కొత్తగా పెళ్ళయిన పిల్ల. ఒకరు పందిరి చాటున అడిగారు, ఒకరు బోరింగు కొడుతూ అడిగారు. నేను బదిలీ అయ్యాక ఆమె కడుపులోకి చేరినవేవీ నిజంగానే నాకు తెలియవు. అందరికీ అదే చెప్పాను. ఆమె ఎవరికీ ఏమీ చెప్పకుండానే పోయింది. వీళ్ళలో ఎవరు మందు మధ్యలో ఆపేస్తారో, ఎవరిని ఎవరు గుర్తుచేయాలో అని నాలో కంగారు మొదలైంది. కొత్త మితానిన్‌ను ఇంకా ఎన్నుకోలేదు.

బయల్దేరబోతుంటే ఆ అమ్మాయి వచ్చింది. కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. నాలుగేళ్ళుంటాయి, కళ్ళలో కాస్త పసుపు ఉంది.

"సిస్టర్," అంది, "నాకు చెప్పాల్సింది ఇంకేమన్న మిగిలిందా?"

"లేదమ్మా. ఏమీ లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. తర్వాత తలూపి, కొడుకుతో ఇంటి దారి పట్టింది. కొంత దూరం పోయాక పిల్లవాడు కాళ్ళు నొప్పి పెట్టాయేమో, దారి మధ్యలో చతికిలబడ్డాడు. ఆమె ఎత్తుకోలేదు, లెమ్మనలేదు. పక్కనే నిలబడింది. వాడు దుమ్ములో వేలితో ఏవో గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు. మా బండి కదిలేటప్పటికి కూడా ఆమె అలాగే నిలబడి ఉంది.